పోలియో అని చెప్పుకున్న కాలు

ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందు రాసేస్తాను. ఏలూరు ఆసుపత్రిలో పనిచేసిన మొదటి ఏడాదంతా, ఏ కుటుంబాన్నయినా కలవబోయే ముందు నేను భవనం వెనక ఉన్న నీళ్ళ ట్యాంకు చాటుకి వెళ్ళి నిలబడేదాన్ని. వాళ్ళతో అనబోయే మొదటి వాక్యాన్ని అక్కడ పైకి అనుకునేదాన్ని. "ఇందులో తప్పు ఎవరిదీ కాదండి." గొంతు వణక్కుండా వచ్చేదాకా అనుకుని, మొహం కడుక్కుని గదిలోకి వచ్చేదాన్ని. నాకు కడుపులో బాగోదని నర్సులు అనుకునేవాళ్ళు. పాపం, ఇంటి నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చేవాళ్ళు. నిజం చెప్పలేక ఆ మజ్జిగ తాగేదాన్ని.

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. తాడేపల్లిగూడెంలో మా ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని వెనక వసారాలోకి పోయేదాన్ని. రోజూ డైరీ రాసే అలవాటు కూడా మాట్లాడలేకపోవడం వల్ల వచ్చిందే. అలాంటిదాన్ని, విశాఖలో జన్యుశాస్త్రం చదివి, మాట్లాడడం తప్ప వేరే పనే లేని ఉద్యోగంలో చేరాను. నాకు ముప్పై రెండేళ్ళు వచ్చేసరికి ఆ ఉద్యోగం అయిపోయింది కూడా. మా పెద్దమ్మ నన్ను 'రిటైరు మేడమ్మా' అని పిలుస్తుంది. ఇప్పుడు ఆ చదువులో చేరిన అమ్మాయిలు ఇద్దరు ఈ పని ఎలా ఉంటుందో చెప్పమని అడిగారు. ఎదురుగా కూచుని చెప్పడం నా వల్ల కాదమ్మా, రాసి ఇస్తానన్నాను. పేర్లన్నీ మార్చాను.

ఆ గదిలో పని

జెనెటిక్ కౌన్సెలింగ్ అంటే ఏమిటో మా ఆసుపత్రిలోనే చాలామందికి తెలియదు. వంశంలో నడిచే జబ్బు ఒక ఇంట్లో కనిపించినప్పుడు, అది ఎటునుంచి వచ్చింది, ఇంకా ఎవరికి రావచ్చు, తెలుసుకునే పరీక్షలేమున్నాయి, తెలిశాక ఏమేం చేయవచ్చు అన్నవి ఆ ఇంటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం మా పని. మందు రాయం. సూది వేయం. ఏం చేయాలన్న నిర్ణయం కూడా మాది కాదు, వాళ్ళదే. "ఇంతకీ మీరు చేసేదేంటండీ?" అని చాలామంది అడిగేవారు. న్యాయమైన ప్రశ్న.

ఆ గది పెట్టించింది మా పెద్ద మేడం. పిల్లల డాక్టరు. మాట కరుకు, చెయ్యి మెత్తన. ఒకే ఇంట్లో వరసగా బిడ్డలు పోవడం చూసి చూసి ఆవిడకి మేనరికం మాటెత్తితేనే ఒళ్ళు మండేది. వరండాలో గోడకి పెద్ద పోస్టరు పెట్టించారు. 'మేనరికం పెళ్ళిళ్ళు వద్దు. వంశపు జబ్బుల్ని కొని తెచ్చుకోవద్దు.' దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిళ్ళ వల్ల కొన్ని జబ్బుల ముప్పు పెరిగే మాట నిజమే. అయితే ఆ పోస్టరు 'కొన్ని' అనలేదు. అది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మా పని బొమ్మ గీయడంతో మొదలవుతుంది. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం, జబ్బున్నవాళ్ళకి లోపల నలుపు. మూడు తరాలు గీయాలి. మేనమామ, పినతండ్రి, తోడికోడలు అని ప్రతి చుట్టరికానికీ మనకి విడివిడిగా మాటలుండడం వల్ల ఈ పని తేలికే. కష్టమల్లా పోయినవాళ్ళతో. చిన్నప్పుడే పోయిన పిల్లల్ని ఎవరూ తమంతట తాము చెప్పరు. మరిచిపోయి కాదు, తలుచుకోలేక. ఒకసారి అడిగి ఊరుకోకండి. కాసేపాగి మళ్ళీ అడగండి.

నీళ్ళ ట్యాంకు దగ్గర వల్లించుకున్న నా వాక్యం ఎందుకూ పనికిరాదని నాకు తెలియజెప్పింది మా ఊరి కోడలే. వాళ్ళది తాడేపల్లిగూడెం బజార్లో కిరాణా వ్యాపారం. బిడ్డకి తలసీమియా. రక్తం ఎక్కిస్తూ ఉంటేనే బతుకుతాడు. ఆ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా రావాలి. మావగారు మాత్రం కోడలి వైపు నుంచే వచ్చిందని తేల్చుకుని మరీ వచ్చారు.

"రెండువైపులా సగం సగం వచ్చిందండి," అన్నాను.

"ఏంటమ్మా, బేరం తెగ్గొట్టినట్టు చెబుతున్నారు?" అన్నారాయన.

నేను కంగారుపడి నా వాక్యం అప్పజెప్పాను. అప్పటిదాకా తలెత్తని ఆ అమ్మాయి నన్ను చూసింది. "తప్పు ఎవరిదీ కాదన్నారు కదండీ. ఇంటికెళ్ళాక కూడా ఆ మాట మీరు వచ్చి చెబుతారాండి?"

ఆ తరవాత నుంచి ట్యాంకు దగ్గరికి వెళ్ళడం తగ్గించాను. ప్రతి కుటుంబాన్నీ ఒకటి అడగడం మొదలుపెట్టాను: "ఈ సంగతి మీ ఇంట్లో ఎవరు ఎవరికి చెప్పాలండి?" చదువులో ఎవరూ నేర్పలేదు గాని, ఈ ఉద్యోగంలో సగం ఆ ప్రశ్నే.

సినిమాకి వెళ్ళనివాడు

కొల్లేట్లో చేపల చెరువుల గట్లని ప్రభుత్వం కొట్టేయించిన తరవాతి ఏడాది, ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే నా గది గుమ్మంలో సామేలు నిలబడ్డాడు. కొల్లేటి మధ్య ఉన్న లంక ఊళ్ళో సెల్ రీచార్జి షాపు నడిపేవాడు. నా ఈడే ఉంటుంది. ఎడమ మోకాలు వంగి బిగుసుకుపోయి, చంకలో కర్ర. హీమోఫీలియా. రక్తం గడ్డకట్టే గుణం తక్కువ. పైకి కారే రక్తం కన్నా కీళ్ళలో లోలోపల కారేదే ఆ జబ్బులో ఎక్కువ కష్టపెడుతుంది. మోకాలు వాస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వాస్తుంది, చివరికి అలా బిగిసిపోతుంది. మేడం దగ్గరికి వైద్యానికి వచ్చేవాడు గాని, నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"సాయంత్రం దాకా ఊళ్ళోకి రావద్దందండి మా అమ్మ. సినిమా చూసి రమ్మంది," అన్నాడు కూచుంటూ.

నేను ఊరుకున్నాను. నా పిరికితనం పనికొచ్చేది అలాంటప్పుడే. ఎదుటివాళ్ళే మాట్లాడతారు.

"ఇవాళ మా చెల్లికి పెళ్ళిచూపులండి. అత్తిలి నుంచి వస్తున్నారు. నా కాలు చూస్తే అడుగుతారు కదండీ. ఊళ్ళో అయితే పోలియో అని చెప్పుకున్నాం. కొత్తవాళ్ళకి ఆ గొడవ కూడా ఎందుకని."

"మరి సినిమాకి వెళ్ళలేదేంటండి?"

"హీరోకి అంత రక్తం పోతాదా, పక్క సీన్లో పాట పాడేస్తాడండి. చూడలేను."

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. తరవాత అసలు సంగతి చెప్పాడు.

తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లి మార్తమ్మ చేపల చెరువుల మీద పనికి వెళ్ళేది. గట్లు కొట్టేశాక ఆ పనీ లేదు. అప్పుడు ఇంటికి బియ్యం పంపింది మేనత్త సుగుణమ్మ. ఆవిడకి భీమడోలులో రైలు గేటు దగ్గర టిఫిను హోటలుంది. ఆవిడ కొడుకు విజయ్ పెదవేగి పామాయిల్ తోటల్లో ట్రాక్టరు తోలతాడు. సామేలు చెల్లెలు కరుణని విజయ్‌కి చేసుకోవాలని ఎప్పుడో అనుకున్నారు. వాళ్ళిద్దరికీ కూడా ఇష్టమే.

"పోయిన ఏడాది నన్ను ఇక్కడ చేర్చినప్పుడండి, వరండాలో పోస్టరు చూసి, ఏంట్రా అది అనడిగింది మా అమ్మ. ఆవిడకి చదువు రాదు. నేనే చదివి వినిపించాను. ఆ రోజు అన్నం ముట్టలేదు. ఇంటికెళ్ళాక మా అత్తకి కబురెట్టేసింది, మాకీ సంబంధం ఇష్టం లేదని."

"ఎందుకో చెప్పలేదాండి?"

"చెబితే పోలియో కాదని తెలిసిపోద్ది కదండీ. మా అత్త ఏమనుకుందంటే, ట్రాక్టరు తోలేవాడికి పిల్లనివ్వడం నామోషీ అనుకుంది. మా ఇంటికి రావడం మానేసింది." కర్ర తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాకు ఒకటే తెలియాలండి. బావని చేసుకుంటే పుట్టేవాళ్ళకి ఇది వస్తాది, అత్తిలాయన్ని చేసుకుంటే రాదు. అంతేనాండి?"

కాగితం తీసి బొమ్మ గీశాను. తల్లి వైపు ఎవరైనా చిన్నప్పుడు పోయారా అని అడిగాను. లేరన్నాడు. కాసేపాగి మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పాడు. మార్తమ్మకి ఒక తమ్ముడుండేవాడట. పన్ను పీకించుకుంటే రక్తం ఆగక పోయాడట. ఆ పిల్లాడి తల్లిని అత్తవారు బతికినన్నాళ్ళూ 'కొడుకుని తిన్నది' అన్నారట.

ఆ చదరాన్ని నల్లగా నింపాను. సామేలు చదరాన్నీ నింపాను. వాటి మధ్య గుండ్రంగా మార్తమ్మ. కాగితం ఆయన వైపు తిప్పాను. ఈ జబ్బు తల్లి ద్వారా వస్తుంది. ఆడవాళ్ళు మోస్తారు, ఎక్కువగా మగపిల్లల్లో బయటపడుతుంది. విజయ్ అయితే సామేలు తండ్రి వైపు చుట్టం. ఈ జబ్బు ఆ వైపుదే కాదు.

"మేనరికంలో వేరే ఇబ్బందులుంటాయండి, లేవని చెప్పను. కానీ మీ ఇంట్లో ఉన్న ఈ జబ్బుకి దానితో సంబంధం లేదు. మీ చెల్లెలికి అమ్మ నుంచి ఇది వచ్చి ఉంటే, ఎవరిని చేసుకున్నా ముప్పు ఒకటే. రాకపోతే ఎవరిని చేసుకున్నా ఈ భయం లేదు."

ఆయన బొమ్మలో విజయ్ చదరం మీద వేలు పెట్టాడు. "అయితే మా బావ సంబంధం ఊరికే పోయిందన్నమాట." నవ్వబోయాడు, రాలేదు. "ఆ పోస్టరు చదివింది నేనే కదండీ."

గవ్వ

అత్తిలి వాళ్ళకి పిల్ల నచ్చింది. పాస్టరు గారితో మాట్లాడి ప్రధానం పెట్టుకుందామని కబురు చేశారు. అది జరిగేలోపు సామేలు తల్లినీ చెల్లెల్నీ నా దగ్గరికి తీసుకొచ్చాడు.

మార్తమ్మ కుర్చీ అంచు మీద కూచుంది. బొమ్మంతా విని ఒకటే అడిగింది. "సగం సగం అంటున్నారు కదమ్మా. ఇద్దరిలో ఒకడికి వచ్చేసింది. ఇంక పిల్లకి రాదు కదా?"

ఈ మాట ప్రతి ఇంట్లోనూ వింటారు, సిద్ధంగా ఉండండి. నా బల్ల మీద ఎప్పుడూ ఒక గవ్వ ఉండేది. ఆవిడ చేతికిచ్చి వేయమన్నాను. వెల్లకిలా పడింది. మళ్ళీ వేయమన్నాను. మళ్ళీ వెల్లకిలాయే.

"మొదటిసారి ఎలా పడిందో ఈ గవ్వకి గుర్తుండదండి. ప్రతి కాన్పూ అంతే. మళ్ళీ మొదటి నుంచే."

ఆవిడ గవ్వని బల్ల మీద పెట్టేసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా రక్తం తీయండి," అంది కరుణ. పలచగా, నెమ్మదిగా ఉండే పిల్ల. డిగ్రీ చదువుతోంది.

"వద్దే. తెలిస్తే మోయాలి," అంది తల్లి.

"తెలియకపోతే మోయనా అమ్మా?"

ముగ్గురి రక్తం హైదరాబాదు పంపాం. ఫలితం వచ్చేలోపు నేను మేడం దగ్గరికి వెళ్ళి పోస్టరు సంగతి చెప్పాను. నా జీవితంలో అంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడలేదు. గట్టిగా అంటే, ఆవిడకి రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదని.

"ఇన్నేళ్ళూ నేను చెప్పింది తప్పంటావా?" అన్నారు.

"తప్పనడం లేదు మేడం. ఆ ఇంటికి సరిపోదంటున్నాను."

"ఎంతమంది పసిపిల్లల్ని ఈ చేతుల మీద పోగొట్టుకున్నానో తెలుసా నీకు? వెళ్ళు."

వెళ్ళాను. తరవాతి వారం వరండాలోకి వచ్చేసరికి పోస్టరు కింద తెల్లకాగితం అతికించి ఉంది. మేడం చేతిరాతే. 'ముందు మీ ఇంటి సంగతి మాకు చెప్పండి. అన్ని జబ్బులూ ఒకలా రావు.' ఆ విషయం ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పైవాళ్ళు ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే నాకు ఆ కాగితమే గుర్తొస్తుంది.

ఫలితం వచ్చిన రోజు చాలాకాలం తరవాత మళ్ళీ నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. ఏ వాక్యమూ రాలేదు. ఊరికే మొహం కడుక్కుని వచ్చాను.

ముగ్గురూ కూచున్నారు. నేను నోరు తెరవకముందే కరుణ అడిగింది.

"ఉందాండి?"

"ఉందండి."

అంతే. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఆమెకి జబ్బు ఉన్నట్టు కాదు, మోస్తోంది. మగపిల్లాడు పుడితే ప్రతిసారీ జబ్బు వచ్చే అవకాశం సగం. ఆడపిల్ల అయితే ఆమెలాగే మోసే అవకాశం సగం. కాన్పప్పుడు ఆమెకే రక్తం ఎక్కువ పోవచ్చు, డాక్టర్లకి ముందే చెప్పాలి. ఇవన్నీ తరవాత చెప్పాను. ఆ క్షణంలో ఎవరూ వినరు. వినాలని ఆశించకండి.

మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగాక నా వైపు వంగి, "అత్తిలోళ్ళకి తెలియనివ్వకమ్మా. నీకు పుణ్యముంటాది. చేసేస్తాను, పిల్ల గండం గడిచిపోద్ది," అంది.

"నేను ఎవరికీ చెప్పనండి. ఎవరికి చెప్పాలన్నది మీ అమ్మాయి ఇష్టం."

"చెప్పకుండా చేసేద్దాం. ఎవడు చూడొచ్చాడు?"

కరుణ తల్లి వైపు తిరిగింది. "అన్నని సినిమాకి పంపావు. రేపు నా కొడుకుని కూడా సినిమాకి పంపుతావా అమ్మా?"



"నాకు బావే కావాలి," అంది కరుణ. "కాని అంతా చెప్పే చేసుకుంటాను. చెప్పాక అత్త వద్దంటే సరే. అప్పుడు ఎవరూ వద్దు."

నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను. "సుగుణమ్మ గారికి ఎవరు చెప్పాలండి?"

గదిలో అందరికీ జవాబు తెలుసు. మార్తమ్మకే ముందు తెలుసు. "మా అమ్మని అన్నట్టే నన్నూ అంటారు. ఆడబిడ్డ ముందు నిలబడి ఆ మాట నేనెలా చెప్పనమ్మా?"

"ఇక్కడికే పిలవండి. మీరు మొదలుపెట్టండి. మధ్యలో ఆగిపోతే నేను అందుకుంటాను."

ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

సుగుణమ్మ గారు

ఆవిడ హోటలు మూసి మరీ వచ్చింది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. వెనకాలే విజయ్. మార్తమ్మ పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా సుగుణమ్మ గారు గోడ వారగా ఉన్న బల్ల మీద కూచుంది.

"ఏవండీ, నన్నెందుకు పిలిచారండీ? మా మరదలి కంటికి మేం ఆనం కదా. అత్తిలోళ్ళు దొరలంట. వాళ్ళని పిలవకపోయారా?"

"అమ్మా," అన్నాడు విజయ్.

"నువ్వూరుకో. ఇడ్లీ పిండి పులిసిపోతాంది అక్కడ."

మార్తమ్మ లేచి నిలబడింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. నేను అందుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. అవసరం లేకపోయింది.

"వదినా, సామేలుది పోలియో కాదు."

సుగుణమ్మ గారు మొహం మీద చెమట తుడుచుకుంది. "ఆ సంగతి నాకు తెలుసు."

మార్తమ్మ తలెత్తి ఆవిడ వైపు చూసింది.

"పోలియో కాలు పొద్దున్న వాచి వారానికి తగ్గుతాదేంటే? చిన్నప్పుడు నా ఒళ్ళో పెరిగాడు వాడు. ఏదో ఉంది, అదే చెబుతాదిలే అని ఎన్నేళ్ళు చూశాను? చెప్పావా? పైగా నా కొడుకుని కాదన్నావు."

"భయం వదినా."

"నేనంటేనా?"

"నువ్వంటే కూడా."

అప్పుడు మార్తమ్మ మొత్తం చెప్పింది. తమ్ముడి పన్ను, తల్లిని అన్న మాట, పోస్టరు, హైదరాబాదు నుంచి వచ్చిన ఫలితం. "నా రక్తంలోంచే వచ్చింది వదినా. నా పిల్లక్కూడా ఇచ్చాను." ట్యాంకు దగ్గరి నా వాక్యం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అది నేనిచ్చే మాట కాదు. ఆ గదిలో దాన్ని ఇవ్వగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆవిడ గోడ వారగా కూచుంది.

ఆవిడ నన్నడిగింది. "అంటే పుట్టినోళ్ళందరికీ వచ్చేస్తాదాండి?" గవ్వ ఇచ్చాను. ఒకసారి వేసింది. బోర్లా పడింది. ఆవిడ దాన్ని తీసి మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉంది. గదిలో ఆ చప్పుడు ఒకటే.

"కడుపులో ఉండగానే చూడొచ్చంటారు కదండీ?"

మూడో నెలలో పరీక్ష ఉందని చెప్పాను. ఆడో మగో చెప్పడానికి చట్టం ఒప్పుకోదని, జబ్బు ఉందో లేదో మాత్రం చెబుతారని, తెలిశాక ఏం చేసుకోవాలన్నది భార్యాభర్తల ఇష్టమని, అసలు పరీక్షే వద్దనుకోవచ్చని చెప్పాను. చెబుతూ చెబుతూ నా గొంతు తగ్గిపోయింది. ఎవరూ సామేలు వైపు చూడడం లేదు. అందరూ చూడకుండా ఉండడానికే కష్టపడుతున్నారు. ఈ పనిలో నన్నెవరూ హెచ్చరించని చోటు అదే. పుట్టబోయే బిడ్డ గురించి మాట్లాడుతున్నప్పుడు, అదే జబ్బుతో పుట్టి పెరిగిన మనిషి పక్కనే కూచుని వింటూ ఉంటాడు.

సామేలే మాట్లాడాడు. "నేనుంటే మీకు ఇబ్బందైతే చెప్పండి. సినిమాకి పోతాను."

"కూచో బావా," అన్నాడు విజయ్. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన సరిగ్గా మాట్లాడింది అప్పుడే. కరుణ వైపు చూడకుండా సామేలు కర్ర వైపు చూస్తూ అన్నాడు. "నీలాంటోడు పుడితే నీ షాపులోనే కూచోబెడతాం. నాకు రీచార్జి ఖర్చు పొదుపు. ట్రాక్టరైతే నేర్పను."

కరుణ తల దించుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు కనపడలేదు.

సుగుణమ్మ గారు గవ్వని బల్ల మీద పెట్టింది. "నేనిప్పుడేం చెప్పను. ఇంటికెళ్ళి ప్రార్థన చేసుకుని చెబుతాను." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. మరదలి వైపు తిరిగి, "ఆ పిల్లాడు పోయాడని మీ అమ్మని అన్నేసి మాటలన్నారా? ఎవరే వాళ్ళు?" అంది. "పదవే, ఎండెక్కుతాంది. హోటల్లో నాలుగు ఇడ్లీ తిని పోదువుగాని."

మార్తమ్మ ఆవిడ వెంట వెళ్ళింది. ఏ పుస్తకంలోనూ చదవని సంగతి నేను ఆ గుమ్మం దగ్గర చూశాను.

తరవాత

సుగుణమ్మ గారు సరేనన్నాక, అత్తిలి వాళ్ళకి మార్తమ్మే కబురు చేసి వద్దంది. వానలు తగ్గాక లంక ఊరి చర్చిలో కరుణకీ విజయ్‌కీ పెళ్ళయింది. నేను వెళ్ళి వెనక వరసలో కూచున్నాను. చెల్లెల్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది సామేలు. కర్ర చప్పుడు చర్చి అంతా వినపడింది. దారి పొడుగునా జనం ఆ కాలినే చూశారు, ఆయన తొందరపడలేదు.

కరుణ ఆ తరవాత ఏ పరీక్ష చేయించుకుంది, ఏం నిర్ణయించుకుంది, ఇక్కడ రాయను. అది వాళ్ళది. మీరు కూడా ఇలాంటివి ఎక్కడా రాయకండి.

పోలియో అని చెప్పుకోవడం మానేశాక సామేలు షాపుకి వేరేవాళ్ళు రావడం మొదలైంది. పిల్లాడి మోకాలు ఊరికే వాస్తోందని, పన్ను ఊడితే రక్తం ఆగడం లేదని. ఆయన ఐసు ఎలా పెట్టాలో చెప్పేవాడు, కండకి సూది వేయనివ్వద్దని చెప్పేవాడు, నా గదికి పంపేవాడు. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది అప్పటికే సగం ధైర్యంతో వచ్చేవారు. ఆ సగం నేనిచ్చింది కాదు.

మేడం వెళ్ళిపోయాక ఆసుపత్రివాళ్ళు ఆ గదిని స్కానింగుకి ఇచ్చేశారు. నన్ను వేరే పనిలో ఉండమన్నారు. ఉండలేదు. మీకు చెప్పగలిగేది ఇంతే: మొదటి వాక్యం వల్లించుకోకండి. బొమ్మ గీసేటప్పుడు కాగితం వాళ్ళ వైపు తిప్పండి. నలుగురికీ కలిపి రాసిన మాట ఏదో ఒక ఇంట్లో తప్పుగా తగులుతుంది, ఆ ఇల్లు మీ దగ్గరికి వచ్చే దారి తెరిచి ఉంచండి. భయస్తులైతే సిగ్గుపడకండి, ఈ పనిలో ఊరుకోగలగడం కూడా పనే.

నేను ఉద్యోగం మానేసిన తరవాతి వానాకాలంలో సామేలు చెరువు గట్టు మీద జారిపడ్డాడు. తలకి దెబ్బ తగిలింది. రక్తం గడ్డకట్టించే మందు దొరికే చోటికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది, పోయాడు. కరుణ ఫోన్ చేసి చెప్పింది.

ఆయన్ని నేను చివరిసారి చూసింది నా ఉద్యోగం ఆఖరి రోజున, ఏలూరు స్టేషన్లో. తాడేపల్లిగూడెం వెళ్ళే పాసింజరు ఎక్కి కూచున్నాను. గవ్వ నా సంచీలో ఉంది. ఎక్కడ తెలుసుకున్నాడో, కర్ర పట్టుకుని కిటికీలన్నీ వెతుక్కుంటూ వచ్చాడు. రైలు కదిలింది. ఆయన కిటికీ ఊచ వదిలేసి, గొంతు పెంచి అన్నాడు.

"ఉద్యోగం మానేశారు గాని, మిమ్మల్ని అడగడం జనం మానరండి. ఎవరన్నా తమ పిల్లాడిది పోలియో అని చెప్పుకుంటే నా షాపుకి పంపండి. సినిమాకి మాత్రం పంపొద్దనండి."